లువాల్ డెంగ్‌కి ఎక్కువ ఇచ్చారా?



పోస్ట్ కొంచెం పొడుగు. టాపిక్ కూడా మన గ్రూప్‌లో ఎప్పుడూ రానిది. పోడు పట్టాలు, స్కాలర్‌షిప్పులు, జీవో నంబర్ 3, డీఎస్సీ... వీటి మధ్యలో అమెరికా బాస్కెట్‌బాల్ జట్ల జీతాల గోల మనకెందుకు అని కొందరికి అనిపిస్తుంది. ఓపిక చేసుకుని చదవండి. ఎందుకు రాశామో మధ్యలోకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మా హాస్టల్లో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఎన్‌బీఏ మ్యాచ్‌లు మన టైం ప్రకారం పొద్దున పూట వస్తాయి కాబట్టి, టిఫిన్ లైన్లో నిలబడి ఒకడి ఫోన్లో అందరం స్కోర్ చూస్తాం. కానీ నిజం చెప్పాలంటే, ఆట గురించి మేము అంతగా వాదించుకోం. వాదన అంతా ట్రేడ్‌ల గురించే. ఏ జట్టు ఎవరిని ఎవరికిచ్చి ఎవరిని తెచ్చుకుంది, ఎవడు జీతానికి తగ్గట్టు ఆడుతున్నాడు, ఎవడు ఆడట్లేదు. ఈ చర్చల్లో ఒక మాట ప్రతి రోజూ వస్తుంది: ఓవర్‌పెయిడ్. అంటే వాడి విలువ కన్నా వాడికి ఎక్కువ ఇస్తున్నారు అని.

ఆ మాట గురించే ఈ పోస్ట్.

ముందు లెక్క ఎలా నడుస్తుందో చెప్తాం. ఎన్‌బీఏలో ఒక్కో జట్టు ఆటగాళ్ళ జీతాలకి ఇంత ఖర్చు పెట్టొచ్చు అని ప్రతి ఏడాదీ ఒక గీత గీస్తారు. దాన్ని శాలరీ క్యాప్ అంటారు. ఇది ఇనప గీత కాదు. కొన్ని మినహాయింపులు వాడుకుని దాటొచ్చు. కానీ దానికి పైన ఇంకో గీత ఉంటుంది, లగ్జరీ టాక్స్ గీత. అది దాటితే లీగ్‌కి పన్ను కట్టాలి. మనం చెప్పుకునే సంవత్సరాల్లో ఆ రేటు ఎలా ఉండేదంటే, గీత మీద ఒక డాలర్ ఎక్కువైతే ఒకటిన్నర డాలర్ పన్ను. ఇంకా పైకి పోయేకొద్దీ రేటు కూడా పెరుగుతూ పోతుంది. అంటే ఒక ఆటగాడి జీతం జట్టుకి రెండు మూడింతలు ఖర్చయ్యే పరిస్థితి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎన్‌బీఏలో చాలావరకు కాంట్రాక్టులు గ్యారంటీ కాంట్రాక్టులు. నాలుగేళ్లకి సంతకం పెట్టారంటే, వాడు ఆడినా బెంచ్ మీద కూర్చున్నా నాలుగేళ్ల డబ్బు ఇవ్వాల్సిందే. కాబట్టి జట్టుకి ఆ జీతం బరువు అనిపిస్తే "రేపట్నుంచి రావద్దు" అని చెప్తే సరిపోదు. ఆ కాంట్రాక్టుని ఇంకో జట్టు పద్దులోకి తోసేయాలి. దాన్నే వాళ్ళు శాలరీ డంప్ అంటారు. అయితే ఎవడూ ఊరికే బరువు ఎత్తుకోడు కదా. ఎత్తుకున్నందుకు కూలి ఇవ్వాలి. ఆ కూలి ఎక్కువగా డ్రాఫ్ట్ పిక్ రూపంలో ఉంటుంది. అంటే, రాబోయే ఏళ్లలో కాలేజీల నుంచి, వేరే దేశాల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్ళలో ఒకడిని ఎంచుకునే హక్కు. లేదంటే జట్టులో ఇప్పటికే ఉన్న ఒక చిన్న కుర్రాడు.

ఇప్పుడు 2016 ఎండాకాలానికి వద్దాం. అంతకు ముందు 2014లో లీగ్ టీవీ కంపెనీలతో తొమ్మిదేళ్లకి 2,400 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు 2016-17 సీజన్ నుంచి రావడం మొదలైంది. జీతాల గీత ఒక్కసారిగా 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్ల డాలర్లకి ఎగిరింది. కొంచెం కొంచెంగా పెంచుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. దాంతో ఆ ఏడాది దాదాపు అన్ని జట్ల దగ్గరా డబ్బు ఉంది, కొనడానికి ఆటగాళ్ళు మాత్రం ఎప్పటిలాగే కొద్దిమందే ఉన్నారు. పండగ ముందు సంతలో కోళ్ల రేటు ఎందుకు పెరుగుతుందో మనకి తెలుసు. కోడి అదే, బరువు అదే. జేబులో డబ్బుతో వచ్చినవాళ్ళు ఎక్కువ.

లాస్ ఏంజిలిస్ లేకర్స్ అప్పుడు చాలా కింద ఉంది. 2015-16లో 82 మ్యాచ్‌ల్లో 17 గెలిచింది. కోబీ బ్రయంట్ రిటైర్ అయిపోయాడు. ఆ జూలై మొదట్లోనే లేకర్స్ రెండు ఒప్పందాలు చేసుకుంది. రష్యా నుంచి వచ్చిన ఏడడుగుల సెంటర్ తిమోఫే మోజ్‌గోవ్‌కి నాలుగేళ్లకి 6.4 కోట్ల డాలర్లు. 31 ఏళ్ల లువాల్ డెంగ్‌కి నాలుగేళ్లకి 7.2 కోట్ల డాలర్లు.

జట్టు బాగుపడలేదు. మరుసటి సీజన్ 26 గెలుపులే. 2017 ఫిబ్రవరిలో పాత మేనేజ్‌మెంట్‌ని తీసేసి మ్యాజిక్ జాన్సన్‌ని పైన కూర్చోబెట్టారు. ఆయన ప్లాన్ సూటిగా ఉంది: 2018లో పెద్ద స్టార్‌ని తేవాలి, దానికి పద్దు ఖాళీ చేయాలి. అదే జూన్‌లో మోజ్‌గోవ్‌ని బ్రూక్లిన్ నెట్స్‌కి పంపేశారు. కూలి కింద ఏం ఇచ్చారో తెలుసా? డాంజెలో రస్సెల్‌ని. 2015 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌తో తెచ్చుకున్న కుర్రాడు. అప్పటికి 21 ఏళ్లు. బదులుగా ఒక్క ఏడాది మాత్రమే కాంట్రాక్ట్ మిగిలున్న బ్రూక్ లోపెజ్‌నీ, 27వ పిక్‌నీ తీసుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలో జోర్డాన్ క్లార్క్‌సన్‌నీ, లారీ నాన్స్ జూనియర్‌నీ క్లీవ్‌లాండ్‌కి పంపి ఇంకొంచెం ఖాళీ చేశారు. 2018 జూలైలో లెబ్రాన్ జేమ్స్ వచ్చాడు. 2020లో లేకర్స్ చాంపియన్ అయింది.

ఇక్కడే మా వాదన మొదలవుతుంది.

మాలో కామర్స్ చదివేవాళ్ళు అంటారు: "ఇది కరెక్ట్ పని. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, దాని గురించి ఏడవకుండా ముందుకి చూశారు, కప్పు కొట్టారు. నెట్స్ కూడా నష్టపోలేదు. రస్సెల్ 2019లో ఆల్‌స్టార్ అయ్యాడు, ఆ ఏడాది నెట్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఇద్దరికీ లాభమే." ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జట్టు నడపడం అంటే లెక్క చూసుకోవడమే. లెక్క చూసుకోకపోతే ఏమవుతుందో ఆ నెట్స్ జట్టే 2013-14లో చూపించింది. ముసలి స్టార్లని తెచ్చి, తొమ్మిది కోట్ల డాలర్లు పన్ను కట్టి, తన మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు చాలావరకు బోస్టన్‌కి ఇచ్చేసి ఏళ్ల తరబడి అడుగున పడింది.

మిగతావాళ్ళం ఇంకో ప్రశ్న అడుగుతాం. తప్పు లెక్క వేసింది ఎవరు? 6.4 కోట్లు అని రాసింది మోజ్‌గోవ్ కాదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు రాశారు. దాన్ని సర్దడానికి ఇచ్చింది ఎవరిని? ఆ సంతకంతో ఏ సంబంధమూ లేని 21 ఏళ్ల కుర్రాడిని. శాలరీ డంప్ ట్రేడ్‌లు చాలావాటిలో ఇదే పద్ధతి కనిపిస్తుంది. పెద్దవాళ్ళు పాత ఏడాది చేసిన ఖర్చుకి, రాబోయే ఏడాది రావలసిన చిన్నవాళ్ళని కట్టి ఇస్తారు. చేసినవాళ్ళ ఉద్యోగం కూడా పోవచ్చు, లేకర్స్‌లో పోయింది కూడా. కానీ బిల్లు మాత్రం కొత్తవాళ్ళ పేరు మీద వస్తుంది.

మోజ్‌గోవ్ సంగతి చూడండి. నెట్స్ నుంచి షార్లెట్‌కి, అక్కడ ఒక్క మ్యాచ్ ఆడకముందే ఓర్లాండోకి. ఓర్లాండో తరఫున కూడా ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆ టైంలో వార్తల్లో ఆయన పేరు పక్కన ఆయన ఆట గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఎన్ని డాలర్లు, ఎన్నేళ్లు మిగిలాయి, అంతే.

ఇక లువాల్ డెంగ్. మేము ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఈయన.

డెంగ్ డింకా తెగ మనిషి. నైలు నది పరీవాహకంలో ఆవుల మందలతో బతికే తెగ అది. పుట్టింది 1985లో, ఇప్పుడు దక్షిణ సూడాన్‌లో ఉన్న వావ్ అనే ఊర్లో. అప్పటికి అది సూడాన్‌లో భాగం, అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. నాన్న సూడాన్ రాజకీయాల్లో ఉన్న మనిషి. ప్రభుత్వం మారాక ఆయన్ని జైల్లో పెట్టారు. కుటుంబం ఈజిప్ట్‌కి పారిపోయింది. పిల్లలు అక్కడ ఏళ్ల తరబడి శరణార్థులుగా ఉన్నారు. అక్కడే వాళ్ళకి మనూట్ బోల్ కలిశాడు. ఏడడుగుల ఏడంగుళాల మనిషి, ఎన్‌బీఏలో ఆడిన డింకా. డెంగ్ అన్నదమ్ములకి బాస్కెట్‌బాల్ నేర్పింది ఆయనే. తర్వాత కుటుంబానికి బ్రిటన్‌లో ఆశ్రయం దొరికింది. లండన్‌లో కొన్నేళ్లు, 14 ఏళ్లకి అమెరికాలో స్కూలు, ఏడాది డ్యూక్ యూనివర్సిటీ, 2004లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఏడో పిక్.

చికాగో బుల్స్‌లో దాదాపు పదేళ్లు ఆడాడు. 2012, 2013లో ఆల్‌స్టార్. ఆ రెండు సీజన్లూ లీగ్ మొత్తంలో మ్యాచ్‌కి అందరికన్నా ఎక్కువ నిమిషాలు ఆడింది ఆయనే. అందులో ఒక సీజన్ ఎడమ మణికట్టులో లిగమెంట్ తెగినా ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆడాడు. దానితోనే బ్రిటన్ తరఫున 2012 లండన్ ఒలింపిక్స్‌లో కూడా ఆడాడు. 2013 ప్లేఆఫ్స్ టైంలో ఆస్పత్రిలో వెన్నులోంచి నీరు తీసి చేసిన పరీక్ష వికటించి మంచాన పడ్డాడు.

మరుసటి సీజన్ మధ్యలో, 2014 జనవరిలో, బుల్స్ ఆయన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసింది. ఎందుకో తెలుసుకుంటే లగ్జరీ టాక్స్ ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. బదులుగా వచ్చిన ప్రధాన ఆటగాడు ఆండ్రూ బైనమ్. అతనితో బుల్స్‌కి పని లేదు. అతని కాంట్రాక్ట్‌లో ఒక షరతు ఉంది: జనవరి 7 లోపు తీసేస్తే జీతంలో సగమే ఇస్తే చాలు. బుల్స్ అతన్ని తెచ్చుకున్న వెంటనే తీసేసింది. డెంగ్ జీతం పద్దులోంచి పోయింది, బైనమ్ జీతం కూడా చాలావరకు పోయింది, జట్టు పన్ను గీత కిందికి దిగిపోయింది. పైన కొన్ని డ్రాఫ్ట్ పిక్‌లు. లెక్కల పరీక్ష అయితే నూటికి నూరు మార్కులు.

గమనించండి, అప్పటికి డెంగ్‌ని ఎవరూ ఓవర్‌పెయిడ్ అనట్లేదు. బాగా ఆడుతున్నాడు. అయినా అమ్మేశారు, ఎందుకంటే ఆ వారం ఆ పద్దులో ఆయన పేరు ఉండటం కన్నా లేకపోవడమే లాభం. రెండున్నరేళ్ల తర్వాత, 31 ఏళ్లు వచ్చి, అన్నేళ్లు అన్ని నిమిషాలు పరిగెత్తిన కాళ్ళతో ఉన్నప్పుడు, లేకర్స్ 7.2 కోట్లు రాసింది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు పద్దుకి బరువయ్యాడు, సత్తువ తగ్గాక బంగారం అయ్యాడు. ఏడాది తిరగకుండా మళ్ళీ బరువయ్యాడు. మనిషి ఒక్కడే. మారింది గీతలు.

లేకర్స్‌లో మొదటి సీజన్ 56 మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత కూర్చోబెట్టారు. 2017-18లో మొత్తం ఒకే ఒక్క మ్యాచ్, అదీ సీజన్ మొదటి మ్యాచ్. ఆ తర్వాత కోర్టులోకి దింపలేదు. ట్రేడ్ చేయాలంటే మళ్ళీ రస్సెల్ లాంటి కుర్రాడినో, మొదటి రౌండ్ పిక్‌నో కలిపి ఇవ్వాలి. ఈసారి అంత ఇవ్వడానికి లేకర్స్ సిద్ధంగా లేదు. చివరికి 2018 సెప్టెంబర్‌లో మాట్లాడుకుని కొంత డబ్బు ఆయన వదులుకుంటే, వీళ్ళు ఆయన్ని వదిలేశారు. చివరి ఏడాది మిగిలిన జీతాన్ని మూడేళ్లకి పరిచారు. దీన్ని స్ట్రెచ్ అంటారు. మన ఊర్లలో బాకీని వాయిదాలు చేసుకున్నట్టే. అందుకే 2022 దాకా ప్రతి ఏడాదీ లేకర్స్ జీతాల లిస్టులో లువాల్ డెంగ్, సుమారు 50 లక్షల డాలర్లు అని ఒక గీత ఉండేది. లేకర్స్ కప్పు గెలిచిన 2020లో కూడా ఉంది. ఇలాంటి పద్దుకి అక్కడ పేరు డెడ్ మనీ. చచ్చిన డబ్బు.

"కోట్లు తీసుకుని ఇంట్లో కూర్చున్నవాడి మీద జాలేంటి?" అని మా రూమ్‌లో ఒకడు అడిగాడు. సరైన ప్రశ్నే. జాలి అక్కర్లేదు. మిర్చి కోతలకి పోయి ఎండలో వంగి వంగి ఏరిన మనం, వాళ్ళ కష్టాన్ని మన కష్టంతో పోల్చుకోకూడదు. కానీ అక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. డెంగ్‌కి ఆ డబ్బు దయతో రాలేదు, కాగితంతో వచ్చింది. ఆ కాగితానికి బలం ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ టైంకి బిల్ రస్సెల్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ లాంటి అప్పటి పెద్ద ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని, పెన్షన్ ఇస్తామని మాటిచ్చేదాకా కోర్టులోకి రామన్నారు. టీవీ వాళ్ళు ఎదురు చూస్తున్నారు, యజమానులు బెదిరిస్తున్నారు. అయినా లేవలేదు. లీగ్ కమిషనర్ మాటిచ్చాకే ఆట మొదలైంది. 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరు మీద ఆటగాళ్ళ సంఘం కోర్టుకెక్కింది. 1976లో రాజీ కుదిరింది. కాంట్రాక్ట్ అయిపోయాక నచ్చిన జట్టుకి పోయే దారి అక్కడి నుంచి తెరుచుకుంది. అంతకు ముందు ఆటగాడు జట్టుకి కట్టేసిన గొడ్డు లాంటివాడే.

ఇదే మిర్చి కోతలో అయితే ఏం జరుగుతుంది? మేస్త్రీ నోటి మాట మీద పోతాం. రేటు పడిపోతే కూలి తగ్గుతుంది, వాన పడితే కూలి ఉండదు. రైతు లెక్క తప్పినా, వ్యాపారి లెక్క తప్పినా చివరికి తగ్గేది ఏరినవాళ్ళకే. అక్కడ జట్టు లెక్క తప్పితే జట్టే మోసింది. తేడా అంతా రాసుకున్న కాగితం, దాని వెనక నిలబడ్డ సంఘం. పట్టా కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాల పిల్లలం, కాగితం విలువ మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక ఆ చచ్చిన డబ్బు ఏమైందో చెప్తాం.

దక్షిణ సూడాన్ 2011లో స్వతంత్ర దేశం అయింది. ప్రపంచంలో అన్నిటికన్నా కొత్త దేశం. కొన్నేళ్లకే మళ్ళీ యుద్ధం. డెంగ్ 2019లో ఆటకి రిటైర్మెంట్ ఇచ్చి, అదే ఏడాది దక్షిణ సూడాన్ బాస్కెట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. జట్టుకి డబ్బులు లేవు. ప్రాక్టీస్ చేసుకోవడానికి దేశంలో పైకప్పు ఉన్న కోర్టు ఒక్కటి కూడా లేదని ఆ జట్టువాళ్ళే ప్రపంచానికి చెప్పారు. ఆటగాళ్ళలో చాలామంది శరణార్థి కుటుంబాల పిల్లలు. ఒకడు ఆస్ట్రేలియాలో పెరిగాడు, ఇంకొకడు అమెరికాలో. వాళ్ళని ఒకచోటికి చేర్చడానికి విమానం టికెట్లు, హోటల్ గదులు, జిమ్ అద్దెలు కావాలి. డెంగ్ ఆ ఖర్చు తన జేబులోంచి పెట్టాడు. అదేదో ఒక్కసారి చందా ఇవ్వడం కాదు, ఏళ్ల తరబడి పెట్టాడు.

2023లో ఆ జట్టు మొదటిసారి ప్రపంచ కప్ ఆడింది. ఆ సెప్టెంబర్‌లో మనీలాలో అంగోలాని ఓడించి, ఆఫ్రికా జట్ల కోటాలో పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది. ఒలింపిక్స్‌కి వారం ముందు, 2024 జూలై 20న, లండన్‌లో అమెరికాతో ప్రాక్టీస్ మ్యాచ్. లెబ్రాన్, కర్రీ, డ్యూరాంట్ పేర్లతో ప్రపంచం మొత్తం భయపడే జట్టు. హాఫ్‌టైంకి దక్షిణ సూడాన్ ముందుంది. చివర్లో ఎనిమిది సెకన్లు ఉన్నాయనగా లెబ్రాన్ వేసిన బుట్టతో అమెరికా 101-100తో గట్టెక్కింది. ఒక్క పాయింట్. ఆ లెబ్రాన్‌ని తేవడానికే లేకర్స్ పద్దు ఖాళీ చేసింది. ఆ పద్దులో ఖాళీ కాక మిగిలిపోయిన పేరు గలవాడు ఆ రోజు ఎదుటి బెంచ్ దగ్గర ఉన్నాడు. శరణార్థి పిల్లాడిగా పెరిగిన అదే లండన్‌లో.

పారిస్‌లో మొదటి మ్యాచ్‌కి ముందు నిర్వాహకులు పొరపాటున వేరే దేశం జాతీయ గీతం వేశారు. అదీ సూడాన్‌ది. ఏ దేశం నుంచి విడిపోవడానికి లక్షల మంది చనిపోయారో ఆ దేశానిది. ఆటగాళ్ళు గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నారు. తప్పు తెలుసుకుని సరైన గీతం వేశాక ఆట మొదలైంది. ప్యూర్టో రికో మీద 90-79తో గెలిచారు. దక్షిణ సూడాన్‌కి ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో అది మొదటి గెలుపు.

డెంగ్‌కి బాస్కెట్‌బాల్ నేర్పిన మనూట్ బోల్ కూడా సంపాదించినదాంట్లో చాలా భాగం తన జనం కోసమే ఖర్చు పెట్టాడు. 2010లో చనిపోయాడు, ఆ దేశం పుట్టడం చూడలేదు. ఒక డింకా మనిషి ఇంకో డింకా పిల్లాడి చేతిలో బంతి పెట్టాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఒక దేశం చేతిలో పెట్టాడు. లేకర్స్ ఆఫీసులో ఈ వరస రాసుకోవడానికి గడి లేదు. ఉండాల్సిన పని కూడా లేదు. వాళ్ళ పుస్తకం వాళ్ళ జట్టుది. 2018లో వాళ్ళకి 7.2 కోట్లకి తగ్గ ఆట రాలేదన్నది నిజం. ఆ పుస్తకంలో డెంగ్ ఓవర్‌పెయిడే.

మేము చెప్పేది ఏంటంటే, ఆ మాట ఆ పుస్తకంలోనే ఉండాలి. మనిషి మీద అంటించకూడదు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నామంటే, ఆ మాట మనకి కొత్త కాదు. ఇంగ్లీషులో కాదు గానీ, తెలుగులో చాలాసార్లు విన్నాం. ఒకసారి మేము ఫీజు కాగితాలు పట్టుకుని లైన్లో ఉంటే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన వినిపించేలాగే అన్నాడు: "వీళ్ళకి సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, తిండి ఫ్రీ. ఏం లాభం, సగం మంది మధ్యలో మానేసి పోతారు." మేము ఏమీ అనలేదు. లైన్ ముందుకి కదిలితే కదిలాం. కానీ ఆ రాత్రి రూమ్‌లో డెంగ్ గురించిన వాదన చాలాసేపు నడిచింది. అందరం ఒకే మాట మీదికి వచ్చింది ఆ రాత్రే.

మా మీద పెట్టే ఖర్చుకి లెక్క అడగొద్దు అని మేము అనట్లేదు. అడగండి. మధ్యలో ఎందుకు మానేస్తున్నారో కూడా అడగండి. కొండ మీది ఊరికి బస్సు ఎప్పుడొచ్చిందో, మా బడికి టీచర్ ఎన్ని రోజులు వచ్చాడో కూడా అదే పుస్తకంలో రాయండి. ఇంకో సంగతి, ఫలితం ఎప్పుడు చూస్తారు? లేకర్స్ రెండేళ్లు చూసి డెంగ్ పద్దు మూసేసింది. ఆ డబ్బు చేసిన పని ప్రపంచానికి కనపడింది 2024లో. మా ఊర్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాలో ఒకడు నర్స్ అయినా, టీచర్ అయినా, వీఆర్వో అయినా ఆ లాభం మొదట కనపడేది ఇంటి దగ్గర రచ్చబండ మీద. రెండో తరగతి చదివే చెల్లెలు "నేను కూడా అన్న పోయిన కాలేజీకి పోతా" అనడంలో. ఆ లైన్లో నిలబడ్డ పెద్దమనిషి పుస్తకంలో దానికి గడి లేదు.

ఇక్కడ మనకి కూడా ఒక పని ఉంది. మనలో మనం కూడా ఈ లెక్కలే వేసుకుంటున్నాం. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాడిని "వేస్ట్ క్యాండిడేట్" అంటాం. రెండుసార్లు కానిస్టేబుల్ సెలక్షన్ పోయిన అన్నని "వాడి వల్ల ఏం కాదు" అంటాం. మధ్యలో చదువు మానేసి పెళ్లయిపోయిన అక్కని లిస్టులోంచే తీసేస్తాం. ఈ గ్రూప్‌లో ఆ మాటలు తగ్గిద్దాం. మానేసినవాళ్ళకి ఫోన్ చేద్దాం. ఓపెన్ యూనివర్సిటీ అడ్మిషన్ల లింకులు పెడదాం. ఎవరి దగ్గర పాత పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయో రాయండి, హాస్టల్ నుంచి ఊరికి పోయేటప్పుడు మేము మోసుకుపోతాం.

ఇంకొకటి కూడా రాయండి. మీ ఊర్లో మొదటిసారి బంతి చేతిలో పెట్టినవాళ్ళు ఎవరు? బంతి అంటే బంతే కాదు, మొదటి పుస్తకం, మొదటి అప్లికేషన్ ఫారం, మొదటి బస్సు చార్జీ. ఆ పేర్లు కింద రాద్దాం. వాళ్ళు పెట్టిన ఖర్చు ఏ ఆఫీసు పద్దులోనూ లేదు. కనీసం మన గ్రూప్‌లో ఉండాలి.